నొప్పి మాత్రలు ఒంటికి పడనివారు చేయవలసిన పనులు

మా చిన్నమ్మకు కింది పెదవి ఎడమ చివర శనగబద్దంత నల్లమచ్చ ఒకటి ఉంది. మొదటిసారి అది వచ్చినప్పుడు పెదవి మండి, చిన్న నీటిపొక్కు లేచి, పగిలి, వారం పది రోజులకు మాని నల్లబడింది. ఒంట్లో వేడి చేసిందని ఇంట్లోవాళ్ళు మజ్జిగ, సబ్జా నీళ్ళు తాగించారు. అయిదు నెలల తరువాత మోకాళ్ళ నొప్పికి మాత్ర వేసుకున్న రాత్రి అదే మచ్చ మళ్ళీ ఎర్రబడి మండింది, దానితోపాటు కుడిచేతి బొటనవేలి పక్కన మరొక గుండ్రని మచ్చ వచ్చింది. వీధి చివర వైద్యం చేసే ఆయన, నొప్పి మాత్రలు పడటం లేదని, అవి మానేసి జ్వరం మాత్రలే వాడుకోమని చెప్పారు. ఆమె ఆ మాట పట్టుకుని నొప్పి మాత్రలు పూర్తిగా మానేశారు. తరువాత జలుబుకు ఒక మాత్ర వేసుకుంటే, మూడోసారి కూడా సరిగ్గా అవే రెండు చోట్ల రగిలింది.

చర్మవైద్యురాలు ఖాళీ అట్టలన్నీ తెమ్మన్నారు. చిన్నమ్మ అదృష్టవశాత్తు ఏ అట్టనూ పారేయకుండా పోపుల డబ్బా పక్కన ఒక రేకు డబ్బాలో వేసే అలవాటున్న మనిషి. మూడు అట్టలను బల్ల మీద తిరగేసి పరిచి వెనకవైపు చిన్న అక్షరాలను చదివితే, మొదటిదానిలో ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ ఉన్నాయి. రెండోదానిలో ఏసెక్లోఫెనాక్, పారాసిటమాల్ ఉన్నాయి. జలుబు మాత్రలో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్‌లతోపాటు పారాసిటమాల్ ఉంది. మూడు పేర్లు, మూడు కంపెనీలు, మూడు రంగులు, కానీ మూడింటిలోనూ ఉన్నది ఒకే మందు. జ్వరం మాత్ర ఏమీ చేయదని చెప్పి వీధి చివర ఆయన వాడమన్న పారాసిటమాలే అది. తరువాత ఆసుపత్రిలో కూర్చోబెట్టి, వైద్యురాలి కళ్ళముందే పారాసిటమాల్ కలవని ఐబుప్రొఫెన్ ఇచ్చి చూశారు. మచ్చ కదలలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ప్రధానమైన మాట ఇదే. మాత్ర పడలేదని తెలిసినప్పుడు గుర్తు పెట్టుకోవలసింది అట్ట ముందున్న పెద్దక్షరాల పేరు కాదు, వెనక చిన్నక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు. మిగిలిన జాగ్రత్తలన్నీ ఆ పేరు తెలిసిన తరువాతనే అక్కరకు వస్తాయి.

దద్దుర్లు లేచిన మొదటి గంటలో

మాత్ర వేసుకున్న కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటల లోపల ఒంటిమీద దురదతో దద్దుర్లు లేచినా, కనురెప్పలో పెదవులో వాచినా, మొదట చేయవలసిన పని రెండో మాత్ర వేసుకోకపోవడం. మంట, నొప్పి తగ్గుతాయని మరొక నొప్పి మాత్ర వేయడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. వెంటనే ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసివేయాలి, ఎందుకంటే వేళ్ళు వాచిన తరువాత వాటిని కోసి తీయవలసి వస్తుంది. వేడినీళ్ళ స్నానం దద్దుర్లను పెంచుతుంది కనుక చల్లని తడిగుడ్డ వేయడం మంచిది. ఇంతకుముందు ఇబ్బంది లేకుండా వాడిన సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్ర ఇంట్లో ఉంటే పెద్దవారు 10 మిల్లీగ్రాములది ఒకటి వేసుకోవచ్చు. అది మగత తెస్తుంది కాబట్టి ఆ పూట బండి నడపకూడదు. పిల్లలకు, గర్భిణులకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం డాక్టరును అడిగిన తరువాతనే ఇవ్వాలి.

దద్దుర్లతోపాటు ఊపిరి అందకపోవడం, గొంతు బొంగురుపోవడం, నాలుక వాయడం, కళ్ళు తిరగడం, వాంతులు కావడం వంటివి ఏ ఒక్కటి కనిపించినా అలర్జీ మాత్రతో సరిపెట్టుకోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి. అక్కడ ప్రాణం నిలిపే మందు తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. సెట్రిజిన్ గానీ స్టెరాయిడ్ గానీ దానికి బదులు కావు. వాహనం వచ్చేలోపు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టాలి. ఆయాసపడుతుంటే కూర్చోనివ్వాలి గానీ లేపి నడిపించకూడదు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తరువాత మళ్ళీ తిరగబెట్టే అవకాశం ఉంది కనుక, ఇంజెక్షన్ పడగానే కుదుటపడిందని ఇంటికి బయలుదేరకుండా ఆసుపత్రిలో ఉండమన్నంతసేపు ఉండాలి.

ఈ గంటలోనే మరొక పని కూడా జరగాలి, అది ఫొటో తీయడం. దద్దుర్లు డాక్టరు దగ్గరకు చేరేసరికి మాయమవుతాయి. వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడి, దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, వేసుకున్న మాత్ర అట్ట వెనకవైపుది ఒకటి తీసి పెట్టుకుంటే ఆ మూడు ఫొటోలు తరువాత ఎంతో పనికివస్తాయి.

ఏ రకం ప్రతిచర్యో పోల్చుకోవడం

చర్మం మీద వచ్చేవన్నీ ఒకటి కావు. దద్దుర్లయితే ఒకచోట లేచి, మరోచోట దిగి, తిరుగుతూ ఉంటాయి. బాల్‌పెన్నుతో ఒక దద్దురు చుట్టూ గీత గీసి గంట రాసిపెట్టి మర్నాడు అదే వేళకు చూడండి. గీత లోపల చర్మం మామూలుగా అయి వేరేచోట కొత్తవి లేస్తే అవి దద్దుర్లే. గీత లోపలిది అలాగే ఉండి నొప్పిగానో కమిలినట్టుగానో ఉంటే అది వేరే జబ్బు, డాక్టరుకు చూపించాలి. గాజుగ్లాసు అడుగును మచ్చ మీద నొక్కి చూడటం మరొక సులువైన పరీక్ష. నొక్కినప్పుడు రంగు పోకపోతే చర్మం కింద రక్తం చేరిందని అర్థం కనుక అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

మన చామనఛాయ, నలుపు చర్మాల మీద ఎరుపు ఉన్నంతగా కనిపించదు. అక్కడ దద్దురు మామూలు చర్మం రంగులోనే ఉబ్బుగానో, కొద్దిగా ఊదాగానో ఉంటుంది. అందువల్ల కంటితో వెతికేదానికంటే అరచేతితో తడిమి చూడటం, కింది కనురెప్ప లోపల, అరచేతుల్లో, నోటిలో రంగు చూడటం నమ్మదగిన పద్ధతి.

మచ్చ ప్రతిసారీ అదే చోట, అదే ఆకారంలో రగిలి నల్లబడుతుంటే అది చిన్నమ్మకు వచ్చిన రకం. పెదవుల మీద, చేతుల మీద, మర్మావయవాల మీద ఎక్కువగా వస్తుంది. మర్మావయవాల మీద వచ్చినప్పుడు సుఖవ్యాధి అనుకుని భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవడం, సిగ్గుపడి దాచడం జరుగుతోంది. అది మందు తెచ్చిన మచ్చ కావచ్చునన్న సంగతి అందరికీ తెలిసి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఈ రకం మచ్చను నొప్పి మాత్రలే కాక విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, ఆర్నిడజోల్ వంటివి, కోట్రైమాక్సజోల్ కూడా తెస్తాయి కాబట్టి, ఆ రోజుల్లో మింగినవన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

మందు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి రెండు వారాల లోపల ఛాతీ మీద, వీపు మీద మొదలై కాళ్ళు చేతులకు పాకే సన్నని పొక్కుల వంటి దద్దు మరొక రకం. దీనిని చూసి తట్టు అనో, అమ్మవారు పోసిందనో వేపాకు కట్టి మందులూ డాక్టరూ లేకుండా ఉంచడం మన ఊళ్ళలో ఇప్పటికీ ఉంది. మరోవైపు, డెంగీ జ్వరంలోనూ, పిల్లలకు వచ్చే చాలా వైరస్ జ్వరాల్లోనూ మాత్రతో సంబంధం లేకుండానే దద్దు వస్తుంది. కనుక దద్దు ముందో జ్వరం ముందో మాత్ర ముందో, ఈ మూడింటి తేదీలు కాగితం మీద వరసగా రాసి తీసుకువెళ్ళాలి. డెంగీ అనుమానం ఉన్నంతవరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వేరే కారణంతోనైనా వాడకూడదు, వాటివల్ల రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

ఒక్క పూట కూడా ఆగకూడని లక్షణాలు

చర్మం దురద పెట్టడానికి బదులు నొప్పి పుట్టడం, తాకితే కాలిన చర్మంలా పొర జారడం, నోటిలో పుండ్లు పడి ఉమ్మి మింగలేకపోవడం, కళ్ళు ఎర్రబడి మండి వెలుతురు చూడలేకపోవడం, మూత్రం పోసేటప్పుడు మంట, వీటితోపాటు జ్వరం: ఇవి స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ లక్షణాలు. 1922లో ఇద్దరు అమెరికన్ వైద్యులు దీనిని వర్ణించినందున వారి పేరే దానికి స్థిరపడింది. చర్మం ఊడిన భాగం శరీరంలో పదోవంతు కంటే తక్కువ ఉంటే ఈ పేరుతోనూ, 30 శాతం దాటితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రాలిసిస్ అనే పేరుతోనూ పిలుస్తారు. రెండోదానిలో మరణాలు ఎక్కువ. సాధారణంగా మందు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల మధ్య వస్తుంది. నొప్పి మాత్రల్లో పైరాక్సికామ్, మెలాక్సికామ్ వంటి ఆక్సికామ్ జాతి మందులకు ఈ ప్రమాదం మిగతావాటికంటే ఎక్కువ. వాల్డెకాక్సిబ్ అనే కీళ్ళనొప్పుల మందును 2005లో మార్కెట్టు నుంచి తీసివేయడానికి గుండె సమస్యలతోపాటు ఇటువంటి చర్మవ్యాధులు కూడా కారణమయ్యాయి. పారాసిటమాల్ వల్ల కూడా అరుదుగా ఇలా జరగవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది.

ఈ జబ్బు మొదటి ఒకటి రెండు రోజులు జలుబు జ్వరంలా, గొంతునొప్పిలా ఉంటుంది. ఆ గొంతునొప్పికి మళ్ళీ కొత్త మాత్రలు వేస్తారు, చర్మం ఊడిన తరువాత ఆ చివరి మాత్ర మీద నేరం పడుతుంది, అసలు కారణమైన పాత మాత్ర తప్పించుకుంటుంది. కనుక గడచిన రెండు నెలల్లో కొత్తగా మొదలుపెట్టిన ప్రతి మందునూ, ఆయుర్వేదం, మూలికలతో సహా, డాక్టరుకు చెప్పాలి. పొక్కుల మీద పసుపు, వేపముద్ద, పళ్ళపొడి వంటివి పూయకూడదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికి వచ్చి పడుకోకూడదు. చర్మవైద్యులూ కంటివైద్యులూ అత్యవసర చికిత్సా విభాగమూ ఒకేచోట ఉన్న పెద్దాసుపత్రికి, వీలైతే బోధనాసుపత్రికి నేరుగా వెళ్ళాలి, ఎందుకంటే కళ్ళను మొదటి రోజుల్లో చూడకపోతే చూపు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

మరొకటి డ్రెస్ సిండ్రోమ్, అంటే చర్మంతోపాటు కాలేయం వంటి లోపలి అవయవాలకూ పాకే మందు అలర్జీ. మందు మొదలైన రెండు నుంచి ఎనిమిది వారాల తరువాత జ్వరం, ముఖం వాపు, ఒళ్ళంతా దద్దు, మెడలో బిళ్ళలు కట్టడం, కామెర్లు దీని గుర్తులు. నెలసరి నొప్పికి, పిల్లల జ్వరానికి విరివిగా వాడే మెఫెనమిక్ యాసిడ్ వల్ల ఇది రావచ్చునని కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరు 30న హెచ్చరిక జారీ చేసింది. ఇది చాలా అరుదు. నెలకు రెండు మాత్రలు వేసుకునే అమ్మాయిలు దీనిని చూసి హడలిపోనవసరం లేదు, కానీ జ్వరంతో ముఖం వాచినప్పుడు రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాల లెక్క, కాలేయ పరీక్షలు చేయించమని అడగడానికి మాత్రం ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఒక మాత్ర పడకపోతే మిగతావన్నీ పడవా?

ఈ ప్రశ్నకు జవాబు ప్రతిచర్య రకాన్నిబట్టి మారుతుంది. నొప్పి మాత్రలు చాలావరకు కాక్స్ అనే ఎంజైమును ఆపి పనిచేస్తాయి. అది ఆగినప్పుడు దద్దుర్లను అదుపులో ఉంచే ప్రోస్టాగ్లాండిన్ తగ్గి, వాపును తెచ్చే ల్యూకోట్రయిన్లు పెరుగుతాయి. కొందరి శరీరం ఈ మార్పుకే దద్దుర్లు తెచ్చుకుంటుంది. అటువంటివారికి ఆస్పిరిన్ పడకపోతే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, కెటోరొలాక్ కూడా పడవు, ఎందుకంటే వాటి ఆకారం వేరైనా చేసే పని ఒకటే. ఎప్పటినుంచో దద్దుర్ల జబ్బు ఉన్నవారిలో ఇది ఎక్కువ. ఉబ్బసంతోపాటు ముక్కులో కండ పెరిగినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, వారికి చర్మానికి బదులు ఊపిరి పట్టేయవచ్చు.

ఇంకొందరికి ఒకే మందు, లేదా దానికి దగ్గరి బంధువులు మాత్రమే పడవు. ఏసెక్లోఫెనాక్ శరీరంలో కొంతవరకు డైక్లోఫెనాక్‌గా మారుతుంది కనుక ఒకటి పడనివారు రెండోదానిని వాడకూడదు. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, కీటోప్రొఫెన్, ఫ్లర్బిప్రొఫెన్ ఒక కుటుంబం. పైరాక్సికామ్, మెలాక్సికామ్ మరొక కుటుంబం.

కాక్స్‌ను ఆపే మాత్రలేవీ పడని మొదటి వర్గంవారిలో చాలామంది పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు తట్టుకుంటారు గానీ, ఒకేసారి వెయ్యి దాటితే కొందరికి దద్దుర్లు వస్తాయి. 650 మాత్రలు రెండు కలిపి వేసుకుంటే 1300 అవుతుందన్న లెక్క మరచిపోకూడదు. ఎటోరికాక్సిబ్, సెలికాక్సిబ్ అనే నొప్పి మందులు కూడా వారిలో ఎక్కువమందికి పడతాయి, అయితే మొదటి మాత్ర ఆసుపత్రిలో డాక్టరు చూస్తుండగా వేసుకోవాలి. ఇంట్లో అర మాత్ర కొరికి పడుతుందో లేదో చూసుకోవడం ప్రాణం మీదికి తెచ్చే పని. చర్మం ఊడినవారు, డ్రెస్ వచ్చినవారు ఆ మందును జీవితంలో మళ్ళీ ఏ రూపంలోనూ తాకకూడదు, వారికి ఆసుపత్రిలో కూడా తిరిగి ఇచ్చి చూసే పరీక్ష చేయరు.

వేలకు వేలు పోసి చేయించే రక్తపు అలర్జీ ప్యానెళ్ళు దుమ్ము, పుప్పొడి, వేరుశనగ గురించి ఏమైనా చెప్పవచ్చు గానీ, కాక్స్ ఆగడం వల్ల వచ్చే ఈ దద్దుర్లను అవి పట్టలేవు. ఆ డబ్బు మంచి చర్మవైద్యుడికో అలర్జీ నిపుణుడికో చూపించుకోవడానికి ఖర్చు పెట్టడం మేలని నా అభిప్రాయం. గుండెలో స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్ వాడుతున్నవారు దద్దుర్లు వచ్చినా దానిని సొంతంగా మానకూడదు. అదే రోజు గుండె డాక్టరును కలవాలి, ఎందుకంటే ఉన్నట్టుండి మానితే స్టెంటులో రక్తం గడ్డకట్టవచ్చు. అవసరమైతే మందును కొద్దికొద్దిగా పెంచుతూ శరీరానికి అలవాటు చేసే పద్ధతి కూడా ఉంది.

నొప్పికి రాసే జెల్లులనూ మందులుగానే చూడాలి. వాటిలో డైక్లోఫెనాక్, ఆస్పిరిన్‌కు చుట్టమైన మిథైల్ సాలిసిలేట్ ఉంటాయి. కీటోప్రొఫెన్ జెల్ రాసిన చోట ఎండ తగిలితే బొబ్బలు రావచ్చు కనుక, మానిన తరువాత కూడా రెండు వారాలు ఆ భాగాన్ని బట్టతో కప్పి ఉంచాలి.

అట్ట చదవడం, చీటీ రాసుకోవడం

మందుల షాపులో నాలుగు మాత్రలు అడిగితే కత్తెరతో కత్తిరించి ఇస్తారు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. పొట్లం కట్టి ఇచ్చే చోట అసలు ఏ పేరూ ఉండదు. ఒకసారి అలర్జీ వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో విడి మాత్రలు, పేరులేని పొట్లాలు తీసుకోకూడదని నియమం పెట్టుకోవాలి. పేరున్న ముక్కనే కత్తిరించి ఇవ్వమని అడగాలి, లేదా మొత్తం అట్టకు అక్కడే ఫొటో తీసుకోవాలి. ఎక్కువగా అమ్ముడుపోయే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. చిన్నక్షరాలు కనిపించని పెద్దవారికి ఫోనులో దానిని చూపిస్తే మందు పేరు పెద్దగా చదువుకోవచ్చు. కాంబిఫ్లామ్‌లో పారాసిటమాల్ కూడా ఉందని, శారిడాన్‌లో ప్రొపైఫెనజోన్ అనే నొప్పి మందు ఉందని, కడుపునొప్పికి వాడే మెఫ్టాల్ స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్ ఉందని, రోజూ వేసుకునే ఎకోస్ప్రిన్ ఆస్పిరినేనని చాలామందికి అట్ట తిప్పేవరకూ తెలియదు.

చీటీలో నాలుగు సంగతులు ఉంటే చాలు: పడని మందు అసలు పేరు, ఏమి జరిగింది, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి జరిగింది, ఇప్పుడు ఏ మందు పడుతోంది. దీనిని ఇంగ్లిషులోనూ తెలుగులోనూ రాసి ఆధార్ కార్డు పక్కన పెట్టుకోవాలి. పళ్ళ డాక్టరు దగ్గర, ఆపరేషనుకు ముందు, ఇంజెక్షన్ వేయించుకునేముందు అడగకపోయినా చూపించాలి. నొప్పి సూదులుగా వేసేవాటిలో తరచుగా ఉండేది డైక్లోఫెనాక్ కాబట్టి సూది గుచ్చకముందే పేరు అడగడం మన హక్కు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు అక్కడ పారాసిటమాల్‌ను ఎసిటమినోఫెన్ అంటారని, టైలెనాల్ అంటే అదేనని, అడ్విల్ ఐబుప్రొఫెన్ అని, అలీవ్ నాప్రోక్సెన్ అని రాసుకుని వెళ్ళాలి. ఏసెక్లోఫెనాక్, నిమెసులైడ్ అక్కడ అమ్మకానికే లేవు కనుక, బ్రాండు పేరు చెబితే ఆ ఊరి డాక్టరుకు ఏమీ తెలియదు.

చివరగా, జరిగినదానిని ప్రభుత్వానికి తెలియజేయాలి. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే, మందుల చెడు ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి రోగి గానీ ఇంట్లోవారు గానీ నేరుగా చెప్పవచ్చు. పనిదినాల్లో 1800 180 3024 నంబరుకు ఫోన్ చేయడానికి ఖర్చు ఉండదు, రోగులు నింపే ఫారం తెలుగులో కూడా ఉంది, చాలా బోధనాసుపత్రుల్లో దీనికోసం ఒక కేంద్రం ఉంటుంది. మెఫెనమిక్ యాసిడ్ మీద వచ్చిన హెచ్చరికకు ఆధారం ఇలా చేరిన ఫిర్యాదులే. ఫోన్ చేసేముందు మాత్ర అట్ట, దానిమీద బ్యాచ్ నంబరు, మొదటి మాత్ర వేసుకున్న తేదీ, మచ్చ కనిపించిన తేదీ చేతిలో ఉంచుకోవాలి.